పొగ వస్తోందా? ఇంకాస్త చిక్కగా పొయ్యండి

నా స్ప్లెండర్ ప్లస్ 2004 మోడలు. మీటరు 87,412 దగ్గర ఆగిపోయి చాలా ఏళ్లయింది. కేబులు తెగింది, నేను వేయించలేదు. మీటరు తిరగడం ఆగితే బండికి వయసు పెరగడం కూడా ఆగుతుందని నా నమ్మకం. ఇంజనాయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నా అని అడిగే కుర్రాళ్లకు నా జవాబు ఒకటే: మీటరు చూసి మార్చుకోండి. నా మీటరు మొన్నటిదాకా 87,412లోనే ఉండింది. అంటే నాకింకా టైమున్నట్టే.

మొన్నటిదాకా రాజంపేట పాత బస్టాండు దగ్గర పొద్దున ఆరున్నరకు నిలబడితే చాలు. ముందు చప్పుడు, వెనక నీలం పొగ, ఆ పొగలోంచి ఒక బట్టతల వస్తే అది నేనే. ఆ పొగ ఆపడానికి ఇరవై ఏళ్లలో నేను పోసి చూడని నూనె లేదు. ఈ ఒక్క బండికే రెండుసార్లు బోరు చేయించాను. మూడోసారిది ఇప్పుడే అయింది. ఒక్కసారి కూడా బోరు చేయించని వాళ్లు సలహాలిస్తుంటే వింటున్నారు కదా, మూడుసార్లు చేయించినవాడు చెబితే వినడానికేం?

ముందు డబ్బా మీది అంకెల సంగతి చూద్దాం. 20డబ్ల్యూ-40 అని రాసుంటుంది. మా వీధిలో దీనికి మూడు భాష్యాలున్నాయి. డబ్ల్యూ అంటే వాట్లు అని కరెంటు పనిచేసే పిల్లోడు అంటాడు: చల్లగా ఉంటే 20 వాట్లు, వేడెక్కితే 40 వాట్లు. కాదు, వెయిట్ అని లారీ డ్రైవర్లు. వింటర్ అని మా మేస్త్రీ ఒక్కడే అంటాడు. అతణ్ణి అందరూ భాయ్ అంటారు, నేనూ అంతే. నూనెల్ని చిక్కదనాన్నిబట్టి వర్గాలు చేసే పని అమెరికాలో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘంవాళ్లు 1911లోనే మొదలుపెట్టారు. ఈ చలికాలం అక్షరం తర్వాత వచ్చి చేరింది. 20డబ్ల్యూ అనిపించుకోవాలంటే ఆ నూనె సున్నాకు 15 డిగ్రీల కింద కూడా ఇంజను తిరగనివ్వాలి. 10డబ్ల్యూ అయితే 25 డిగ్రీల కింద. రాజంపేటలో సున్నా చూడాలంటే ఐసు ఫ్యాక్టరీకి పోవాలి. మనకు చలికాలమంటే సంక్రాంతికి ముందు ఓ నెల మంకీ క్యాపు, అంతే. కాబట్టి ముందు అంకె గురించి మరీ బెంగపెట్టుకోకండి. నా సలహాల్లో సగమన్నా నిజమున్నది ఇదొక్కటే. అందుకే ముందు పెట్టాను.

వెనక అంకె దగ్గరే నా విద్యంతా ఉంది. నూరు డిగ్రీల వేడిలో నూనె ఎంత చిక్కగా నిలిచిందన్నది ఆ అంకె చెబుతుంది. మామూలు నీళ్లు ఒక సెంటిస్టోకు అనుకుంటే, 30 నంబరు నూనె ఆ వేడిలో 9.3 నుంచి 12.5 దాకా, 40 నంబరుది 12.5 నుంచి 16.3 దాకా, 50 నంబరుది 16.3 నుంచి 21.9 దాకా. ఇవి చూస్తే మీకేమర్థమైంది? నాకైతే మార్కుల్లాగా అర్థమైంది. ముప్పై వచ్చినవాడు అత్తెసరు, యాభై వచ్చినవాడు పర్వాలేదు. ఎవరన్నా కావాలని ముప్పై తెచ్చుకుంటారా?

పైగా మన ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో నూనె పల్చబడిపోదా? అందుకే ఎండాకాలం రాగానే ఒక నంబరు పెంచండని నేను ఊరంతా చెబుతుండేవాణ్ణి. భాయ్ ఒకరోజు స్పానరు కింద పెట్టి అన్నాడు:

“అన్నా, నీ చెయ్యి కాలేది ఎండకు. ఇంజను లోపల అది నూరు దాటి ఉంటాది. మన నలభై దానికి ఎండ గాదు, చలి.”

లెక్క చెప్పాడు కూడా. 20డబ్ల్యూ-40 నూనె నలభై డిగ్రీల్లో సుమారు 110, 120 సెంటిస్టోకులుంటుంది. నూరు డిగ్రీలకు చేరేసరికి 14, 15కు జారుతుంది. అంటే మిట్టమధ్యాహ్నం వేపచెట్టు కింద స్టాండేసిన బండిలో కూడా, పనిలో ఉన్నప్పటికంటే నూనె ఏడెనిమిది రెట్లు చిక్కగా ఉన్నట్టే. కిక్కు కొట్టిన మొదటి క్షణాల్లో అది పైన క్యామ్ దాకా ఎక్కాలి. ఇంకా చిక్కనిది పోస్తే ఇంకా నిదానంగా ఎక్కుతుంది. అది ఎక్కేదాకా ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది.

నేను వదుల్తానా? “భాయ్, ముసలి ఇంజను. లోపల సందులు పెరిగినాయి. సందు పెద్దదైతే ముద్ద పెద్దది గావద్దా? సంగటి మాదిరి ఉండాల ఆయిలు” అన్నాను.

“మీ నాయన ఉన్నాడు కదన్నా, ఎనబై ఏండ్లు. పండ్లన్నీ వూడిపాయె, సందులు బాగనే వుండాయి. సంగటి ముద్ద మింగిపిస్తాండావా, జావ తాపిస్తాండావా?”

మా నాయన సంగటే తింటాడు, ఊరుబిండితో. కానీ ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

న్యాయంగా చెప్పాలంటే భాయ్ ఒక మెట్టు ఒప్పుకుంటాడు. ఈ బండ్లకు పాత మాన్యువళ్లలో 20డబ్ల్యూ-40 అనే ఉండేది, తర్వాతివాటిలో 10డబ్ల్యూ-30కి మారింది. బాగా తిరిగిన పాత ఇంజనుకు, మన వేడికి, పుస్తకం చెప్పిన పాత నంబరే పోసుకుంటే తప్పు లేదంటాడు. ఆయిలు తాగడం కాస్త తగ్గొచ్చు కూడా. “ఒక మెట్టు ఎక్కమంటి. నువ్వు మిద్దె ఎక్కి కూచుంటివి” అని దానికి తోక.

మిద్దె ఎలా ఎక్కానో చెబుతాను. నలభై చాలలేదు, యాభై పోశాను. పది రోజులు పొగ తగ్గింది, మళ్లీ వచ్చింది. యాభై తర్వాత ఏముంది? షాపులో అలమర పైఅరలో 90 కనబడింది. గేరాయిలు 90. యాభై కంటే దాదాపు రెండింతలు! ఇంత సులువైన సంగతి మేస్త్రీలకెందుకు తట్టలేదా అని జాలిపడుతూ లీటరు కొన్నాను. గేరాయిలుది వేరే కొలబద్ద అని తర్వాత తెలిసింది. నూరు డిగ్రీల్లో దాని చిక్కదనం 13.5 నుంచి 18.5 దాకా. అంటే ఇంజనాయిలు నలభైకీ యాభైకీ నడుమ ఎక్కడో. సేర్లనూ కిలోలనూ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చూసినట్టయింది నా పని. రెట్టింపు అనుకుని కొన్నది యాభై కంటే పల్చనిది అయినా కావచ్చు.

అదొక్కటే అయితే డబ్బులు దండగ అని ఊరుకుందును. గేరాయిల్లో గంధకం మందులుంటాయి, లారీ డిఫరెన్షియల్లో పళ్లకూ పళ్లకూ మధ్య ఒత్తిడికి తట్టుకోవడానికి. మూత తీస్తే వచ్చే ఆ ఘాటు వాసన దాని పవరనుకున్నాను. ఇంజనులో పుట్టే మసిని కడిగి మోసుకుపోయే మందులు మాత్రం అందులో ఉండవు. ఇక మన మోటారుసైకిల్లో అయితే క్లచ్చు కూడా అదే నూనెలో మునిగి ఉంటుంది. నా క్లచ్చు ప్లేట్ల కథ ముందుంది.

ఆముదం. దీనికి నన్ను వెక్కిరించే ముందు చరిత్ర చదువుకోండి. చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో పెట్టిన ఆయిల్ కంపెనీ, తర్వాత తన ఇంజనాయిల్లో ఆముదం కలిపింది, దానికి పెట్టిన క్యాస్ట్రాల్ అన్న పేరే క్యాస్టర్ లోంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల్లో గుండ్రంగా తిరిగే ఇంజన్లకు ఆముదమే పోసేవారు, అది పెట్రోల్లో తేలిగ్గా కలిసిపోదు కాబట్టి. కాలగా మిగిలింది పొగతోపాటు పైలట్ల మొహాన పడేదట, వాళ్లకు విరేచనాలు పట్టేవని చెప్పుకుంటారు. విమానానికి పనికొచ్చిన నూనె స్ప్లెండర్‌కు పనికిరాదా? ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమన్నారు. మా మెట్టచేను గట్టున ఉన్నవి అవే. గానుగ ఆముదం అర లీటరు కలిపాను.

మూడు రోజులు బండి వెన్నలా నడిచింది. నిజం, నమ్మండి. ఆ తర్వాత పెళ్లికని రాయచోటికి బస్సులో పోయి, వారం తర్వాత వచ్చి కిక్కు కొడితే కిక్కు కిందికి దిగలేదు. నేను దాని మీద నిలబడ్డాను. అప్పుడూ దిగలేదు. ఆముదం వేడికి కాలి, గాలి తగిలి, తుమ్మబంక మాదిరి గట్టిపడింది. ఆ విమానాల ఇంజన్లలో నూనె తిరిగి వాడేది కాదని, పోసింది పోసినట్టే బయటికి పోయేదని, పైగా వాటిని కొద్ది గంటల పనికే విప్పి శుభ్రం చేసేవారని భాయ్ చెప్పలేదు. అది నేనే తర్వాత చదువుకున్నాను. చరిత్ర సగం చదివితే ఇదీ బాధ. మొదటి బోరు అప్పుడు పడింది.

రెండో బోరుకు కారణం మా తాత. ఆయన నందలూరు లోకోషెడ్డులో ఖలాసీగా చేశాడు. మద్రాసు నుంచి రాయచూరు పోయే లైను 1871లో పూర్తయింది. ఆ లైను మీద బొగ్గింజన్ల కాలంలో నందలూరు షెడ్డంటే ఒక వెలుగు. ఆవిరి సిలిండర్లో పోసే నూనె బెల్లం పాకంలా ఉండేదని, చల్లగా ఉంటే గరిటె జారేది కాదని తాత చెప్పేవాడు. వందల టన్నుల బండిని లాగే ఇంజనుకే ఆ నూనె చాలితే, ఇద్దరు మనుషులూ ఒక బియ్యం బస్తా మోసే ఇంజనుకు చాలదా అన్నది నా తర్కం. తర్కంలో ఎక్కడా దోషం కనపడలేదు.

దోషం ఇనుములో ఉంది. ఆవిరింజనులో కాగిన ఆవిరి పల్చటి నూనెను కడిగేస్తుంది కాబట్టి ముద్దలాంటిది కావాలి. అక్కడ అది సిలిండర్లోకి పోతుంది, ఆవిరితోపాటు పోతుంది, మళ్లీ తిరిగి రాదు. నా బండిలో అదే నూనె పిల్లనగ్రోవి బెజ్జాల్లాంటి సన్నటి దారుల్లోంచి నిమిషానికి వేలసార్లు తిరిగే క్రాంకు నుంచి పైన క్యామ్ దాకా పంపుతో ఎక్కి, మళ్లీ కిందికి దిగాలి. తాత నూనె మాదిరి దొరకలేదు గానీ, చిక్కదనం పెంచే మందని ఒక సీసా అమ్మారు నాకు. ఎవరు అమ్మారో చెప్పను. “ఇది పోస్తే పొగ బంద్” అన్నారు. తేనెలాగా తీగ సాగింది. చూసి మురిసిపోయాను.

అది ఒకరకం ప్లాస్టిక్ లాంటి పొడవాటి పోగుల ద్రావణం. చలువలో చుట్టచుట్టుకుని ఉంటాయి, వేడికి విచ్చుకుని నూనెను పల్చబడనివ్వకుండా అడ్డం పడతాయి. మంచి 20డబ్ల్యూ-40 నూనెలోనూ ఇవి తగుమాత్రం ఉంటాయి. కానీ మోటారుసైకిల్లో ఇంజనుకూ గేర్లకూ ఒకే నూనె కదా. గేరు పళ్ల మధ్య ఆ పోగులు చెరుకు గానుగలో పడ్డట్టు తెగిపోతాయి. నెల తిరిగేసరికి నా తేనె మజ్జిగైంది, పొగ మామూలే. ఇంకో సీసా పోశాను. మొత్తం నాలుగు సీసాలు. ఆ డబ్బుతో ఏం చేసుండచ్చో కాసేపట్లో భాయ్ నోటితోనే విందురు.

మా బావమరిదికి కమాండర్ జీపుంది. దాంట్లో ఆయిల్ ప్రెషరు ముల్లుంటుంది. నేను చెప్పానని చిక్కటిది పోయించాడు, ముల్లు లేచి నిలబడింది. ఫోను చేసి, “బావా, ప్రెషరు ఎట్ల పెరిగిందో చూడు, ఇంజను పడుచుదయింది” అన్నాడు. మనిషికి బీపీ పెరిగితే డాక్టరు దగ్గరకు పరిగెత్తుతాం, జీపుకు పెరిగితే స్వీట్లు పంచుతాం. ముల్లు చూపించేది నూనె ఎంత కష్టంగా దూరుతోందో, ఎంత దూరుతోందో కాదు. ప్రెషరు మితిమీరితే పంపు దగ్గరున్న వాల్వు తెరుచుకుని, నూనెను పైకి పంపకుండా తిరిగి చాంబరులోకే ఒంపేస్తుంది. బేరింగులు పస్తు. అయితేనేం, ముల్లు పైనుంది. ముల్లు చూసే కదా మనం సంతోషపడేది.

ఆ జీపు విషయంలోనే ఇంకో సలహా ఇచ్చాను: నల్లబడని ఆయిలే మంచి ఆయిలని. డీజిల్ ఇంజనులో కొత్త నూనె రెండు రోజులకే కాటుకైతే నకిలీదని గొడవపెట్టుకోమన్నాను. గొడవపెట్టుకున్నాడు. మసిని పట్టి మోస్తోంది కాబట్టే అది నల్లబడుతోందని, తెల్లగా ఉందంటే మసి లోపలే పేరుకుంటోందని అనుమానించాలని ఆ షాపాయన నెమ్మదిగా చెప్పి, టీ తాపి పంపాడు. నకిలీ నూనె లేదని కాదు. పాత ఆయిలు వడగట్టి, ఖాళీ డబ్బాలో పోసి, మూత కొత్తది బిగించి అమ్మేవాళ్లు మన రాష్ట్రమంతటా పట్టుబడుతూనే ఉంటారు. అందుకే భాయ్ ప్రతి ఖాళీ డబ్బాకూ స్క్రూడ్రైవరుతో రెండు పోట్లు పొడిచి పారేస్తాడు. డబ్బా చిల్లు పెట్టకుండా ఇస్తే పాతసామాన్లవాడు ఐదు రూపాయలెక్కువ ఇస్తాడు. మీ ఇష్టం.

ఇక నా క్లచ్చు ప్లేట్లు. మా అల్లుడు బెంగళూరు నుంచి కొత్త కారులో వచ్చాడు. సర్వీసులో మిగిలిన నూనె డిక్కీలో ఉంది, కంపెనీ కారు నూనె, 5డబ్ల్యూ-30, పూర్తి సింథటిక్. ఒక్కసారిగా నా సిద్ధాంతం మార్చుకున్నాను. చిక్కదనం కాదు, ఖరీదు ముఖ్యం. ఖరీదైన నూనె ఇంకా తక్కువ పోసినా పనిచేస్తుందని కొంచెం పోశాను. కడప దాకా బాగానే పోయాను. అక్కడినుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటెక్కుతుంటే, యాక్సిలరేటరు తిప్పితే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదు. పక్కన కోవా కొట్టు పిల్లలు చప్పట్లు కొట్టారు. కారు నూనెల్లో మైలేజీ కోసం జారుడు మందులు కలుపుతారు. కారు క్లచ్చు పొడిగా విడిగా ఉంటుంది కాబట్టి దానికేం కాదు. మన క్లచ్చు నూనెలోనే మునిగి, పట్టుకుంటేనే పని. బండి నూనె డబ్బా మీద చిన్న గడిలో జాసో ఎంఏ అని కనబడుతుంది. అది జపానువాళ్లు ఈ తడి క్లచ్చు కోసమే పెట్టిన గుర్తు. నేనా గడిని ఇరవై ఏళ్లుగా ధర అనుకుంటున్నాను. ఆ రోజు ఘాటు సగంలో బండి పక్కన పెట్టి పాలకోవా తిన్నాను. ఘాటు బాగుంది, కోవా ఇంకా బాగుంది, బండి మాత్రం ట్రాలీ ఆటోలో వచ్చింది.

ఆయిలు లెవెల్ చూడ్డం గురించి ఒక మాట. సైడు స్టాండు మీదే చూడండి. బండి ఎడమకు వాలుతుంది, పుల్ల కుడిపక్కనుంటుంది, కాబట్టి ఎప్పుడు చూసినా తక్కువే కనబడుతుంది, ఎప్పుడు పోసినా పడుతుంది. మెయిను స్టాండేసి, చదునైన నేల మీద, పుల్ల తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే దించి చూడాలంటారు. అలా చూస్తే నిండుగా ఉందని తెలిసిపోయి చేతికి పని లేకుండా పోతుంది. ఎక్కువ పోసిన నూనెను క్రాంకు కవ్వంలా చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ బ్రీదరు దారిన గాలి ఫిల్టర్లోకి ఎగదన్ని, మళ్లీ పొగై బయటికొస్తుంది. అప్పుడు ఇంకాస్త చిక్కనిది పోయాలి.

గాలి ఫిల్టరు పేరెత్తాను కాబట్టి: పీకేయండి. పికప్పు వస్తుంది. మన దగ్గరున్నంత దుమ్ము ఎక్కడుంది! ఓబులవారిపల్లె వైపు మంగంపేట ముగ్గురాళ్ల గనుల నుంచి లారీలు పోతుంటాయి. ఆ రాయి నీళ్లకంటే నాలుగు రెట్లకు పైగా బరువు, అందుకే చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు రావడానికి దాన్నే కలుపుతారు. బరువైన ఆయిలు కావాలని అడిగేవాళ్లుంటే ముగ్గురాయి పొడి కలుపుకోమని ఒకసారి ఎగతాళిగా అన్నాను. ఒకాయన సీరియస్‌గా ఎంత కలపాలని అడిగాడు. చెప్పొచ్చేదేమంటే, ముగ్గురాయి మెత్తనిది, గోరుకంటే కాస్త గట్టి, అంతే. అసలు శత్రువు మామూలు మట్టిలోని పలుగురాయి పొడి. అది ఉక్కును కూడా గీకుతుంది. ఫిల్టరు లేని బండి చేలదారిలో ఒక వేసవి తిరిగితే, ఏ నంబరు నూనె పోసినా రింగులకు దిక్కుండదు. ఈ ముక్క నవ్వుతూ రాద్దామనుకున్నా రాలేదు. నా మూడు బోర్లలో రెండింటి వెనక అసలు దోషి ఇదేనని నాకిప్పుడు గట్టి అనుమానం.

నవ్వుతూ రాయలేనిది ఇంకోటుంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడ్డప్పుడు, పులపత్తూరు, మందపల్లి వైపు మనుషులు పోయారు, పశువులు పోయాయి. బండ్ల సంగతి ఎవరికి పట్టింది. తర్వాత వారాల్లో భాయ్ షెడ్డు ముందు బురదబండ్లు వరసకట్టాయి. అప్పుడతను చెప్పింది ఒకటే మాట: ఎవరూ కిక్కు కొట్టొద్దు. చాంబరు బోల్టు విప్పితే ముందు నీళ్లు, తర్వాత పాలెక్కువైన టీ రంగులో నూనె వచ్చేది. చవక నూనె పోసి, కాసేపు తిప్పి, వంచి, మళ్లీ పోసి, మళ్లీ వంచి, ఆ రంగు పోయేదాకా. కొందరి దగ్గర డబ్బు తీసుకోలేదు. ఆ పూట నేను సలహాలేవీ ఇవ్వలేదు.

మూడో బోరు దగ్గరికొద్దాం. పోయిన సోమవారం భాయ్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నా ఎదుటే ఇంజను విప్పాడు. కుడివైపు కవరు తీశాడు. ఈ బండికి కారులాగా కాగితం ఫిల్టరుండదు. క్రాంకు కొసన గిరగిర తిరిగే గిన్నెలాంటిది ఉంటుంది, మసీ ఇనుపరజనూ బరువుకు దాని అంచుకు కొట్టుకుని అంటుకుంటాయి. మూత తీసి వేలు పెట్టి గీకాడు. చిక్కటి నల్లటి ముద్ద, కాటుక భరిణెలో తీసినట్టు వేలినిండా వచ్చింది. వేళ్ల మధ్య నలిపి నాకు చూపించాడు, ఎండలో మెరిసింది. “ఇదన్నా నీ సంగటి” అన్నాడు.

తర్వాత హెడ్డు, తర్వాత బోరు. బోరు పైఅంచు దగ్గర గోరు పెట్టి కిందికి లాగమన్నాడు. లాగాను. నున్నగా జారి, ఒక చోట చిన్న మెట్టు దిగినట్టు గోరు జర్రున లోపలికి పడింది. ఆ మెట్టుకు పైన రింగు ఎప్పుడూ తగల్లేదు, ఇనుము కొత్తగా ఉంది. కింద ఇన్నేళ్లుగా గీకి గీకి పల్లం చేసింది. పాత రింగును ఆ బోరులో పెట్టి, దాని రెండు కొసల మధ్య సందు చూపించాడు. కొత్త రింగుకు అక్కడ వెంట్రుక పట్టాలి. నా రింగుకు బస్సు టికెట్టు మడిచి దూర్చొచ్చు.

“ఈ మెట్టును ఏ డబ్బాలో ఆయిలు పూడుస్తుందో చెప్పన్నా, రేపట్నించి నేనూ అదే అమ్ముతా.”

నేను మాట మార్చాను. పొగ అన్నిటికీ ఇదేనా కారణం అన్నాను. కాదన్నాడు. పొద్దున స్టార్టు చేయగానే ఒక్క గుప్పుమని నీలం పొగ వచ్చి ఆగిపోతే అది వాల్వు సీళ్లది, పెన్నుమూతంత రబ్బరు ముక్కలు రెండు. యాక్సిలరేటరు తిప్పినప్పుడల్లా వస్తే రింగులది. నల్లపొగ నూనెది కాదు, పెట్రోలు ఎక్కువైంది. నా బండికి మొదట్లో, యాభై నంబరు పోసిన కాలంలో, పొద్దున పూట గుప్పుమనడమే ఉండేది.

“అంటే అప్పుడు…”

“అవునన్నా. నీ సీసాలు నాలుగుండాయే, వాటిల్లో ఒకదాని దుడ్లు. అప్పుడే చెప్తి. పొగ తగ్గిందని నువ్వు రాకపోతివి. చిక్కంది పోస్తే చప్పుడు సన్నగిల్లుతాది, మనకు వినపడదు. లోపల అరగడం ఆడ్నే జరుగుతాంటాది.”

బోరు అసలు 50 మిల్లీమీటర్లు. మొదటిసారి పావు మిల్లీ పెంచాడు, రెండోసారి అర. ఇప్పుడు ముప్పావు పిస్టను తెప్పించాడు. ఆ పైన ఒక మిల్లీది ఒక్కటే మిగిలుంది, దాని తర్వాత సిలిండరే మార్చాలి. వంచిన పాత నూనెను ఇంటికి తీసుకుపోయి గేటు బందులకూ, చెదలు పట్టకుండా పందిరి గుంజలకూ పూయచ్చని క్యాను అడిగాను. ఇవ్వలేదు. మట్టిలోకి ఇంకితే బోరునీళ్లు పాడైపోతాయని, డ్రమ్ములో పోసిపెడితే తీసుకుపోయేవాళ్లు నెలకోసారి వస్తారని చెప్పాడు. రెండు అర్థాల బోరు మీద ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.

బుధవారం బండి చేతికిచ్చాడు. తొమ్మిదివందల మిల్లీల డబ్బా, పుస్తకంలో ఉన్న నంబరే, నా ఎదుట సీలు తీసి పోసి, డబ్బాకు రెండు పోట్లు పొడిచాడు. కొత్త మీటరు కేబులు కూడా వేశాడు, నన్నడగకుండా. అయిదువందల కిలోమీటర్లకు మొదటి ఆయిలు మార్చాలని ట్యాంకు మీద సుద్దముక్కతో 87,912 అని రాశాడు. బైపాసు మీద 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దాకా పోయి వెనక్కి తిరిగి చూసుకున్నాను. పొగ లేదు. చప్పుడు లేదు. వెనకొచ్చే ఆటోవాడు హారను కొడితే వినబడింది, ఏళ్ల తర్వాత.

ఇంటికొచ్చేసరికి బావమరిది ఫోను. “బావా, జీపు ఎనక ఒకటే పొగ. ఏం పోయమంటావ్?”

అలమరలో సగం డబ్బా గేరాయిలు 90 ఇంకా అలాగే ఉంది.

“ఎన్ని లీటర్లు పడుతుందిరా దానికి?” అన్నాను.